తిరుపతి ఎండకు నిలిచింది కర్ర స్టాండే

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల లేఅవుట్లు, రోడ్డు పనుల సర్వేల్లో అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్, కర్ర ట్రైపాడ్లు (మిషన్ నిలబెట్టే మూడు కాళ్ల స్టాండ్లు) మూడు రకాలూ ఏళ్ల తరబడి వాడాను. కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ మిషన్ కిందకైతే కర్ర స్టాండే కొనమంటాను. బరువు ఎక్కువ, ధరా ఎక్కువే. అయినా మే నెలలో రేణిగుంట రోడ్డు మీద పొద్దున నిలబెట్టిన మిషన్ మధ్యాహ్నానికీ అదే పాయింటు మీద ఉండాలంటే నాకు దాని మీదే నమ్మకం.

అసలు సమస్య ఎండ. అల్యూమినియం డిగ్రీ వేడికి మీటరుకు దాదాపు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. ఒక కాలికి ఎండ తగిలి, మిగతా రెండూ గొడుగు నీడలో ఉండి 15 డిగ్రీల తేడా వచ్చిందంటే, ఆ ఒక్క కాలే అర మిల్లీమీటరు పొడుగవుతుంది. మిషన్ సమంగా ఉందని చూపే బబుల్ జరుగుతుంది, దాంతోపాటే సెంటరింగూ, అంటే కింది పాయింటుకు సూటిగా ఉండటమూ పోతుంది. కర్ర పొడవునా సాగేది ఇందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఫైబర్‌గ్లాస్ ఈ విషయంలో మధ్యరకం, కానీ తేమకు అది చెక్కుచెదరదు. వానల్లో ఎక్కువ పని ఉండేవాళ్లకు అదే మేలు.

సర్వే స్టాండ్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12858-2లో హెవీ స్టాండు 15 కిలోల పరికరం దాకా మోయాలి, లైట్ రకం 5 కిలోల లోపు వాటికే. ట్రైబ్రాక్ (మిషన్‌ను స్టాండుకు బిగించి లెవెల్ చేసే అడుగు పలక), బ్యాటరీ కలిపితే టోటల్ స్టేషన్ 5 కిలోలు దాటడం మామూలే. ఎత్తుల తేడా కొలిచే ఆటోలెవల్‌కు తేలికైన అల్యూమినియం చాలు, హెల్పర్‌కు భుజం నొప్పి తప్పుతుంది.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. కాళ్లు చాపి, తలకాయ పట్టుకుని పైకెత్తండి: కాళ్లు టపీమని మూసుకుపోతే హింజ్ బోల్టులు వదులు. అలెన్ కీతో బిగించాక మెల్లగా దిగితే సరే. తర్వాత మిషన్ ఎక్కించి, దూరంగా ఒక గుర్తుకు క్రాస్‌హెయిర్ (మిషన్ దుర్భిణిలో కనిపించే అడ్డం, నిలువు గీతలు) పెట్టి, స్టాండు తలను చేత్తో కొద్దిగా మెలిపెట్టి వదలండి. క్రాస్‌హెయిర్ మళ్లీ అదే గుర్తు మీదికి రావాలి. రాకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనే చెప్తాను. కోణంలో 10 సెకన్లు (సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడా వస్తే 100 మీటర్ల దగ్గర 5 మిల్లీమీటర్లు పోయినట్టే. సెకండ్‌హ్యాండ్ అయితే కాళ్ల కింద ఇనుప బూట్లు ఊగుతున్నాయేమో కూడా చూడండి, చాలామంది అది వదిలేస్తారు.

నేల సంగతీ చెప్పాలి. స్వర్ణముఖి ఇసుకలో ముందు మేకులు దిగ్గొట్టి, వాటి మీద కాళ్లు ఆనిస్తాం. అపార్ట్‌మెంట్ల టైల్స్ మీద మూడు కాళ్లనూ తాడుతో కట్టకపోతే ఏ క్షణాన జారుతుందో తెలియదు. అక్కడ మిషన్ వదిలి పక్కకు పోనివ్వను.

ఇక దాచడం. సైట్ల దగ్గర స్టాండ్లను రేకుల షెడ్డులో గోడకు వాలుగా పడేస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మధ్యాహ్నం ఆ రేకు కింద వేడికి కర్ర ఎండి బీటలిస్తుంది, వాలుగా ఉన్న కాళ్లు వంకరపోతాయి. నీడ ఉన్న గదిలో నిలువుగా నిలబెట్టడమో, తల దగ్గర కొక్కేనికి వేలాడదీయడమో మంచిది. కాళ్ల స్క్రూలు కొంచెం వదులు చేసి పెట్టండి. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానల్లో తడిస్తే కాళ్లు పూర్తిగా లాగి, పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను గాలికి ఆరనివ్వాలి, ఎండలో పెట్టొద్దు. తడి కర్ర ఉబ్బి, కాలు లోపలే బిగుసుకుంటుంది. పెయింటు లేచిన చోట వెంటనే వార్నిష్ పూయండి, నీళ్లు లోపలికి దిగేది అక్కడి నుంచే.

జారే భాగాలకు గ్రీజు మాత్రం రాయొద్దు. చిత్తూరు వైపు మామిడి తోటల ఎర్రమట్టి దానికి అంటుకుని, ఉప్పుకాగితంలా కర్రను అరగదీస్తుంది. నేను పొడి బ్రష్షుతో దులిపి ఊరుకుంటాను. జీపులో ఎక్కించేటప్పుడు కాళ్లు దగ్గరకు చేర్చి పట్టీ బిగించి, స్టాండును మిగతా సామాను మీద పెట్టించండి, సామాను కింద కాదు.