డిగ్రీ అయ్యాక నంద్యాల కోచింగా, ఎంసీఏనా?

కర్నూలులో డిగ్రీ ఆఖరి ఏడు చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ చర్చ మామూలే. బ్యాంకు పరీక్ష అనగానే మనోళ్లకు గుర్తొచ్చేది నంద్యాల కోచింగ్ సెంటర్లు. క్లర్కు ప్రిలిమ్స్‌లో, అంటే తొలి దశ పరీక్షలో, 100 ప్రశ్నలకు 60 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. కాబట్టి తెలివి ఒక్కటే చాలదు, చెయ్యి తిరగాలి. ఫీజు కట్టేసి చేతులు దులుపుకుంటే అది రాదు. ఆదివారం పొద్దున గడియారం ముందు పెట్టి మాక్ టెస్టు రాయించండి. ఆ గంటసేపు టీవీ బంద్, చుట్టాలొచ్చినా సరే! జనరల్‌కు క్లర్కు పరీక్ష 28 ఏళ్ల దాకా రాయొచ్చు. ఆ ధీమాతోనే ఏళ్లు కరిగిపోతాయి. ఎన్నిసార్లు రాయాలో ముందే మాట్లాడుకోండి.

ఎంసీఏకైతే, అంటే కంప్యూటర్ పీజీకైతే, ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, చదువు రెండేళ్లు. ఇంటర్లోనో డిగ్రీలోనో లెక్కలు ఉంటే మేలు. ఇక్కడ తల్లిదండ్రుల పని తక్కువే, కానీ కీలకం: కాలేజీ బ్రోచర్ పక్కన పెట్టి, అక్కడ చదివి బయటికొచ్చిన ఇద్దరితో బిడ్డను మాట్లాడించాలి.

కోడింగ్ అంటే విసుగుపడే బిడ్డను ఎంసీఏలోకి తోయడం కన్నా నంద్యాల నయమని నా లెక్క. క్లర్కయితే సొంత రాష్ట్రంలోనే ఉద్యోగం. పీఓ (బ్యాంకు ఆఫీసరు) అయితే దేశంలో యాడికైనా పోవాల్సిందే. ఆ సంగతి అమ్మకు ముందే చెప్పండి.