హమ్మింగ్‌బర్డ్‌ల కోసం నికాన్ డి70: పాత షట్టర్ మీద నా మోజు

ఈ కెమెరాను ఇంకా అమ్మకుండా ఉంచుకోవడానికి నాకు ఒకే ఒక్క కారణం ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, 1/3200 సెకను షట్టర్ వేగం (అంటే వెలుగును లోపలికి రానిచ్చే సమయం) దగ్గర కూడా, మామూలు పాత ఫ్లాష్‌తో ఫోటో తీయనిస్తుంది. 2004లో వచ్చిన కెమెరా ఇది. మెగాపిక్సెళ్లు, మెనూల ముచ్చట ఇప్పుడెందుకు, అందరికీ తెలిసినవే. నేను మాట్లాడేది ఆ షట్టర్ గురించి.

మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. ఇక్కడ ఆనాస్ హమ్మింగ్‌బర్డ్‌లు (గాలిలో నిలబడి తేనె తాగే బుల్లి పిట్టలు) వలస పోవు, ఏడాది పొడవునా పెరట్లోనే ఉంటాయి. వాటికి పంచదార నీళ్లు పోసే ఫీడర్ పెట్టాను, దాని పక్కన సాల్వియా మొక్కలు, ఒక దానిమ్మ చెట్టు ఉన్నాయి. ఫీడర్‌ను ఒక మగపిట్ట తన పిత్రార్జితంలా కాపలా కాస్తుంది, వేరే పిట్ట వచ్చిందంటే తరిమి తరిమి కొడుతుంది. అందువల్ల నా ఫోటోల్లో తొంభై శాతం ఆ ఒక్కదానివే. (తేనె, బెల్లం, ఎర్ర రంగు ఏవీ కలపకండి. ఒక పాలు తెల్ల పంచదార, నాలుగు పాళ్ల నీళ్లు, అంతే. ఊరి నుంచి వచ్చినప్పుడు మా అమ్మ "పాపం, కాస్త బెల్లం వేయరాదటరా" అని రోజూ అడిగేది. బెల్లంలో ఉండే ఇనుము వాటికి మంచిది కాదని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు.)

గాలిలో నిలబడి ఉన్నప్పుడు ఈ పిట్ట సెకనుకు 40 సార్లకు పైగా రెక్కలు ఆడిస్తుంది. రెక్క కొన వేగం సెకనుకు సుమారు పది మీటర్లని లెక్కకు వస్తుంది. అంటే 1/4000 సెకనులో కూడా ఆ కొన రెండు మిల్లీమీటర్లకు పైగా కదిలిపోతుంది. అంత చిన్న పిట్టకు రెండు మిల్లీమీటర్లంటే ఈక చెరిగిపోయినట్లే. రెక్కను నిలిపేది షట్టర్ కాదు, ఫ్లాష్ మెరుపు. పాత ఫ్లాష్‌లను పదహారో వంతు శక్తికి తగ్గిస్తే మెరుపు సుమారు పదివేలవ వంతు సెకనులో ముగిసిపోతుంది. అప్పుడు ఈక ఈకా విడిగా కనిపిస్తుంది.

చిక్కల్లా ఎండతోనే. ఫ్లాష్ రెక్కను నిలిపేలోపు, దాని పక్కనే ఎండ వెలుగు మసకగా మరో రెక్క గీస్తుంది. ఆ వెలుగును నొక్కేయాలంటే షట్టర్ వేగం పెంచాలి. నేటి మామూలు కెమెరాలు ఫ్లాష్‌తో 1/250 దగ్గరే ఆగిపోతాయి. ఆపైన షట్టర్ రెండు తెరల మధ్య సన్నని చీలిక మాత్రమే వెలుగును పట్టే సెన్సర్ మీదుగా జరుగుతుంది కాబట్టి, మెరుపు ఒక పట్టీ మీదే పడుతుంది. దీనికి విరుగుడుగా వచ్చిన హైస్పీడ్ సింక్ (ఎక్కువ వేగాల్లోనూ ఫ్లాష్‌ను షట్టర్‌తో కలిపే పద్ధతి)లో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాకుండా వరసగా మినుకుతూ పోతుంది. శక్తి పడిపోతుంది, రెక్కను నిలిపే గుణమూ పోతుంది. పోర్ట్రెయిట్లకు పనికొస్తుందేమో కానీ ఈ పిట్టకు పనికిరాదు.

డి70లో ఆ తంటా లేదు. వేగం పెంచినా తెరలు తీరిగ్గానే కదులుతాయి. ఎక్స్‌పోజర్ (వెలుగును పట్టడం) ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో సీసీడీ అనే పాత రకం సెన్సరే, మొత్తం ఒక్కసారిగా, తేలుస్తుంది. కంపెనీ అధికారికంగా చెప్పిన పరిమితి 1/500. కెమెరా తాను గుర్తుపట్టిన ఫ్లాష్‌కు మాత్రమే ఆ పరిమితి పెడుతుంది. నడిమి కాంటాక్టు ఒక్కటే ఉన్న కేబుల్ తగిలిస్తే, అవతల ఫ్లాష్ ఉందన్న సంగతే దానికి తెలియదు. మీరు పెట్టిన వేగంలో పని చేసుకుపోతుంది. 2023 చివర్లో సోనీ ఎ9-3 కెమెరాను, సెన్సర్ మొత్తం ఒక్కసారిగా వెలుగు పట్టే గ్లోబల్ షట్టర్‌తో ప్రకటించినప్పుడు అందరూ ఇలాంటి సింక్ గురించే అబ్బురపడ్డారు. అప్పట్లో దాని ధర ఆరు వేల డాలర్లకు కాస్త తక్కువ. నా డి70 వంద డాలర్లలోపే వచ్చింది. రెంటికీ పోలిక లేదని నాకూ తెలుసు, అయినా ఆ వార్త చదివినప్పుడు కలిగిన ఆనందాన్ని దాచుకోను.

ఇదంతా మొదట్లో ఇంత సాఫీగా సాగలేదు. కేబుళ్ల గొడవ లేకుండా ఉంటుందని ఆన్‌లైన్‌లో చవకగా దొరికే రేడియో ట్రిగ్గర్లు తెప్పించాను. 1/500 దాకా బాగానే ఉంది. 1/1600 దాటగానే ఫోటోలు చీకటిగా రావడం మొదలైంది. ఫ్లాష్ మాత్రం కళ్లెదుటే మెరుస్తోంది! అమ్మినవారికి రాస్తే, "ఏ కెమెరా అయినా 1/250 దాటి పనిచేయదు, మీ కెమెరాలోనే లోపం" అని జవాబు. వారి మాటే నిజమైతే ఫోటోలో కొంత వెలుగు, కొంత నల్లటి పట్టీ కనిపించాలి. నా ఫోటోలు మాత్రం ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే రకంగా చీకటిగా ఉన్నాయి. అంటే షట్టర్ అడ్డుపడటం లేదు, మెరుపే ఆలస్యంగా వస్తోంది. రేడియో సంకేతం కెమెరా నుంచి బయలుదేరి ఫ్లాష్‌ను చేరేలోపు ఎక్స్‌పోజర్ ముగిసిపోతోంది. ఈ వివరమంతా ఫోటోలతో సహా పంపితే, అదే జవాబు అక్షరం మార్చకుండా మళ్లీ వచ్చింది. డబ్బు వాపసు రాలేదు. ట్రిగ్గర్లు ఇంకా సొరుగులోనే ఉన్నాయి, ఎవరికీ ఇవ్వడానికి మనసొప్పదు.

చివరికి పని చేసింది తీగే. డి70కి విడిగా సింక్ సాకెట్ లేదు కాబట్టి, కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే హాట్‌షూ మీద ఏఎస్-15 అడాప్టర్ పెట్టి, అక్కడి నుంచి ఒక ఫ్లాష్‌కు కేబుల్ లాగాను. మిగతా రెండూ తొంభైల నాటి నికాన్ ఎస్‌బి-26 ఫ్లాష్‌లు. వాటికి ఇతర ఫ్లాష్‌ల మెరుపు చూసి వెలిగే కన్ను లోపలే ఉంటుంది. ముగ్గురూ ఫీడర్‌కు అర మీటరు దూరంలో కూర్చుంటారు. లెన్సు పాత 300 ఎంఎం ఎఫ్/4. మీటరున్నర దగ్గరి దాకా ఫోకస్ అవుతుంది, ఈ పనికి అంతకన్నా దగ్గర అక్కర్లేదు. పిట్ట గాలిలో ఆగే చోటుకు ముందే ఫోకస్ కుదిర్చి, ఆటోఫోకస్ కట్టేస్తాను. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 200, లెన్సు రంధ్రం ఎఫ్/11, షట్టర్ 1/3200. ఆకాశం ఎంత ముదురుగా ఉండాలో షట్టర్ తిప్పి నేనే నిర్ణయించుకుంటాను. నాకు అసలు సుఖం అక్కడే ఉంది. ఫ్లాష్ ఫోటోలన్నిటికీ వచ్చే ఆ అర్ధరాత్రి నేపథ్యం నాకు గిట్టదు.

మగపిట్ట మెడ విషయం వేరే చెప్పాలి. ఆ గులాబీ ఎరుపు వర్ణద్రవ్యం కాదు, ఈకల లోపలి నిర్మాణం నుంచి వెలుగు ఒక కోణంలో తిరిగి రావడం వల్ల కనిపించేది. ఫ్లాష్‌లను పైన, పక్కన ఎంత అందంగా అమర్చినా మెడ బొగ్గులా నల్లగానే వస్తుంది. ఒక ఫ్లాష్‌ను లెన్సు పక్కకే తెచ్చాను. అంతే, మెడ ఒక్కసారిగా అంటుకుంది. దీనికీ డి70కీ సంబంధం లేదు. ఏ కెమెరాతోనైనా ఇంతే.

ఇక ఎండలో అన్నాను కదా, ఆ మాటకు కొంత సవరణ. ఫీడర్ గాజు మీద సూర్యుడు తళుక్కుమన్నాడంటే, ఆ చుక్క నుంచి ఫోటోలో నిలువుగా తెల్లటి చార దిగుతుంది. ఆనాటి సీసీడీల స్వభావమే అంత, వేగం పెరిగేకొద్దీ ఇంకా తెలుస్తుంది. ఫీడర్‌ను ఫ్రేములోంచి తప్పించి పూల దగ్గరే తీయాల్సి వస్తుంది, పిట్ట మాత్రం పూల కన్నా ఫీడర్‌కే ఎక్కువ వస్తుంది. ఆరు మెగాపిక్సెళ్లతో కత్తిరించుకునే వీలు తక్కువ. పిట్ట ఫ్రేములో చిన్నగా పడితే ఆ ఫోటో పోయినట్లే. వెనక తెర మీద ఎండలో ఏమీ కనిపించదు, లోపలికి వెళ్లి కంప్యూటర్‌లో చూసుకోవాలి.

నిజానికి మీ పెరడు నీడ పట్టున ఉంటే ఈ పాట్లేవీ అక్కర్లేదు. నీడలో ఎఫ్/11, 1/250 పెడితేనే పరిసరాల వెలుగు చాలావరకు అణిగిపోతుంది, మీ దగ్గరున్న ఏ కెమెరాతోనైనా అదే రెక్క వస్తుంది. నా పెరడు పడమటి ముఖం, చెట్టు నీడ లేదు, ఇంటి నుంచి పని కాబట్టి పిట్ట వచ్చే వేళకు నేనూ ఉంటాను. ఊరికి వెళ్లినప్పుడు దీన్ని మోసుకెళ్లను. అక్కడి తేనెపిట్టలు చాలాసార్లు కొమ్మ పట్టుకుని వాలి తాగుతాయి, వాటికి ఇంత హంగామా అవసరం లేదు.

మరో డి70 బాడీ చవకగా కనిపిస్తే విడిభాగాల కోసమైనా కొని ఉంచుకుంటాను. ఫోటోలు చూసి తనకూ ఒకటి వెతికి పెట్టమన్న మా తమ్ముడికి మాత్రం వద్దన్నాను. వాడిది మూడో అంతస్తు అపార్ట్‌మెంట్, బాల్కనీ ఉత్తరం వైపు.