అమ్మ చీరలతో బొంతా, ముక్కల దుప్పటా, గోడకు పటమా: ఏది మేలు?

మనిషి వెళ్ళిపోయాక బీరువా మిగులుతుంది. పట్టుచీరలతో పెద్ద చిక్కు లేదు. ఏది ఎవరికో చాలా ఇళ్ళలో అమ్మే బతికుండగా చెప్పి ఉంటుంది. చిక్కంతా రోజూ కట్టిన నూలు చీరలతో, నాన్న తొడిగిన చొక్కాలతో. వాటిని ఎవరూ కట్టుకోరు, అలాగని ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. కొన్నేళ్ళు పోతే చెదలు తింటాయన్న దిగులొకటి. వాటితో కప్పుకునేదో, దాచుకునేదో ఒకటి కుట్టించాలని అడిగేవాళ్ళకు మూడు దారులు కనిపిస్తాయి. మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న బొంత ఒకటి. చదరాలు కత్తిరించి అతికే ముక్కల దుప్పటి రెండోది. చట్రం కట్టించి గోడకు తగిలించే పటం మూడోది.

ఏది మేలో తేల్చేవి రెండే ప్రశ్నలు. దాన్ని కప్పుకుంటారా, చూసుకుంటారా? ఆ బట్టకు కత్తెర పెట్టడానికి మీ మనసు ఒప్పుకుంటుందా? ఖర్చు, శ్రమ, అందం వీటి తర్వాతే.

కుట్టు మొదలుపెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆఖరి ఘడియలో ఒంటిమీద ఉన్నవి ఎలాగూ ఇంట్లో ఉండవు. మిగతావి కూడా పదో రోజుకే ఇచ్చేసే ఇళ్ళున్నాయి. ఆ నమ్మకాన్ని వాదించి గెలవాల్సిన పని లేదు. అమ్మతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఇంట్లో ఉంటే ఆయన మాటే ముందు. ఇవ్వాల్సినవి ఇచ్చి, నాలుగు చీరలు ఉంచుకుంటామని అడిగితే చాలావరకు కాదనరు. ఇంకో మాట, సంవత్సరీకం అయ్యేదాకా దేనికీ కత్తెర పెట్టకండి. మొదటి నెలల్లో దుఃఖం ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. కోసిన బట్ట మళ్ళీ చీర కాదు.

బొంత

నూలు చీరలకు నా ఓటు బొంతకే. దానికి కత్తెరతో పని లేదు. అయిదున్నర మీటర్ల చీరను పొడవున మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కొంచెం తక్కువ వెడల్పు వస్తుంది. ఒక మనిషికి సరిపోయే కొలత అది. ఒక చీరతో మూడు పొరలు, రెండు చీరలతో ఆరు పొరలు. మన చలికి అంతకుమించి అక్కర్లేదు. దూది లేకపోవడం బొంతకు లోటు కాదు, బలం. దూది కూరిన దుప్పటి మన ఊళ్ళలో ఏడాదిలో ఎక్కువ భాగం అటక మీదే ఉంటుంది. బొంతను వేసవిలో పరుచుకోవచ్చు, వానాకాలంలో కప్పుకోవచ్చు, పసిబిడ్డ కింద వేయవచ్చు. కొత్తగా పుట్టిన బిడ్డను అమ్మమ్మ పాత చీర మెత్తటి గుడ్డలో చుట్టడం మనకు తెలిసిందే. ఏళ్ళ తరబడి ఉతికిన నూలుకు వచ్చే మెత్తదనం కొత్త బట్టకు ఏ మిల్లులోనూ రాదు.

ఇలా పాత చీరలను పొరలు పేర్చి కుట్టుకునేది మనమొక్కళ్ళమే కాదు. ఉత్తర కర్ణాటకలో కౌది ఉంది, బెంగాల్లో కాంతా ఉంది. పాతకాలపు కాంతాలకు దారం కూడా బయట కొనేవాళ్ళు కాదు, చీర అంచుల్లోంచే రంగు పోగులు లాగి వాటితోనే కుట్టేవాళ్ళు. మీ అమ్మ చీరలో అంచు చిరిగిపోయినది ఒకటుంటే మీరూ ఆ పని చేయవచ్చు. ఆవిడ చీర పోగుతో ఆవిడ చీరనే కుట్టడం కంటే గొప్ప అలంకారం నాకు తెలియదు.

చీరంతా ఒకేలా అరగదు. బొంత కుట్టేవాళ్ళు చీర పరిచి మొదట చూసేది అదే. నడుము దగ్గర దోపుకున్న చోట, కూర్చున్నప్పుడు ఒరుసుకునే చోట బట్ట పలచబడుతుంది. కుచ్చిళ్ళ అడుగున కాలి దుమ్ముకు, చెప్పుల రాపిడికి అంచు పోతుంది. కొంగు చివర మాత్రం రంగు నిలిచి ఉంటుంది. అందుకని అరిగిన భాగం లోపలి పొరలోకి, కొంగు పైపొరలోకి వచ్చేలా మడతలు సర్దుకోవాలి. ముందుగా ఫాల్ విప్పేయాలి, అది ఉన్నచోట బొంత గట్టిగా బిగుసుకుంటుంది. గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి, గంజి ఉన్న బట్టను వెండిపురుగులు కొరుకుతాయి. ముదురు రంగు చీరనైతే తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. రంగు అంటిందంటే, ఆ చీరను లేతరంగు చీరతో కలపొద్దు.

పొరలు పరిచాక నడిమధ్య నుంచి అంచుల వైపు పొడుగు కచ్చాకుట్టు వేసుకోవాలి. ఈ పని వదిలేస్తే కుట్టేకొద్దీ లోపలి పొర ఒకచోట ముద్దయిపోతుంది. తర్వాత పొరలన్నిటి గుండా సూదిని పైకీ కిందికీ తీస్తూ సాదా కుట్టు, వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. వరసలు వంకరపోయినా పరవాలేదు. మనవరాలు కుట్టిన వరస, పెద్దకోడలు కుట్టిన వరస వేరువేరుగా తెలిసిపోవడమే అందులో అందం. మిషన్ మీద పని తొందరగా అవుతుంది కానీ, పాత నూలు మీద మిషన్ కుట్టు బిగుతుగా పడి బట్టను కోస్తుంది. చేతికుట్టు కాస్త వదులు ఇస్తుంది.

బొంతకు లోట్లు లేకపోలేదు. లోపలి చీర కంటికి కనిపించదు. పది చీరల జ్ఞాపకం ఒక్కదానిలో చూసుకోవాలంటే ఇది సరిపోదు. ఆరు పొరలది తడిస్తే బరువు, ఎండ లేకపోతే ఆరదు. జార్జెట్టు, పాలిస్టరు చీరలు దీనికి పనికిరావు, పొరలు జారిపోతాయి. బట్ట ఏదో తెలియకపోతే ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ముక్కల దుప్పటి

చొక్కాల సంగతికి వస్తే తీర్పు మారుతుంది. చొక్కాను మడిచి బొంత చేయలేం, కోయక తప్పదు. నాన్న ఆర్టీసీలో ఖాకీ తొడిగిన మనిషైనా, బడిలో తెల్లచొక్కా మీద సుద్దపొడి పడిన మేష్టారైనా ఆయన బట్టలకు ముక్కల దుప్పటే సరైన రూపం. ఆరున్నర అంగుళాల చదరాలు కోసి, అన్ని వైపులా పావు అంగుళం కుట్టులోకి పోనిస్తే ఆరంగుళాల చదరం తేలుతుంది. అడ్డానికి పది, నిలువుకు పదమూడు, మొత్తం 130 చదరాలు పెడితే అయిదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు దుప్పటి. ఒక చొక్కా వీపు భాగం నుంచే తొమ్మిది చదరాలు వస్తాయి. ముందు భాగాలు, చేతులు కూడా కలిపితే ఎనిమిది, పది చొక్కాలు చాలు.

జేబును విప్పేయకండి. జేబుతో సహా చదరం కోయండి. పెన్ను సిరా కారిన మరక ఉంటే మరీ మంచిది. గుండీల పట్టీ, కాలరు దగ్గర టైలర్ వేసిన గుర్తు కూడా అలాగే ఉంచవచ్చు. ఇలాంటి చిన్న గుర్తులను పైకి తెచ్చి చూపించడంలో ముక్కల దుప్పటిని బొంత అందుకోలేదు. పది మంది బట్టలు ఒకచోట చేర్చగలిగేది కూడా ఇదే. తాతయ్య పంచె, పెదనాన్న లుంగీ, చిన్నప్పుడే పోయిన తమ్ముడి నిక్కరు పక్కపక్కన ఉండగలవు.

దీని బలహీనత అతుకుల్లోనే ఉంది. పాతబట్టను కోసి కుడితే కాలక్రమంలో కుట్టు తెగదు, కుట్టు పక్కన బట్ట చిరుగుతుంది. గట్టి కొత్త బట్ట పక్కన పలచబడిన పాత ముక్క పెడితే కొత్తది పాతదాన్ని లాగేస్తుంది. అందుకే పలచటి ముక్కల వెనక ముందుగా ఉతికి ఆరేసిన నూలు లైనింగ్ వేసి కుట్టాలి. టీషర్టుల్లాంటి సాగే బట్టలకైతే వెనక ఇస్త్రీతో అతికే బక్రం పలచటిది వేయకపోతే చదరం చదరంగా నిలవదు. ఇవి తెలిసిన టైలర్ దొరికితేనే ఇవ్వండి. రోజూ జాకెట్లు కుట్టే చేతికి ఈ పని అలవాటు ఉండకపోవచ్చు. ముందు ఇంట్లో ఏదైనా పాత దుప్పటి గుడ్డతో నాలుగు చదరాలు కుట్టించి చూసి, అప్పుడు అసలు బట్ట చేతిలో పెట్టండి.

కప్పుకోవడం, చూసుకోవడం అని ముందు అన్నాను కదా, ఆ రెంటికీ అమెరికాలో రెండు పేరున్న ఉదాహరణలున్నాయి. ఆలబామాలోని గీస్ బెండ్ అనే నల్లవారి పల్లెలో 1942లో మిస్సౌరీ పెట్‌వే అనే ఆవిడ చనిపోయిన భర్త పొలంపని బట్టలతో దుప్పటి కుట్టుకుంది. అది కప్పుకుని పడుకోవడానికే కుట్టింది. మోకాళ్ళ దగ్గర వెలిసిన రంగులు, మరకలు అందులో అలాగే ఉన్నాయి. రెండోది ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ కోసం కుట్టిన స్మారక దుప్పటి. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 పలకలున్నాయి. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే సమాధి కొలత. కొన్నిటి మీద పోయినవాళ్ళ చొక్కాలు, జీన్సు ప్యాంట్లు కుట్టి ఉన్నాయి. దాన్ని ఎవరూ కప్పుకోరు. నలుగురూ నిలబడి పేర్లు చదవడానికి కుట్టింది అది. ఒకటి ఒంటి మీద ఓదార్పు, ఒకటి పదిమంది ముందు సాక్ష్యం. మీకు కావలసింది వీటిలో ఏదో తేలితే సగం పని అయినట్టే.

గోడకు పటం

పట్టుచీర, జరీ అంచు, పెళ్ళినాటి మధుపర్కం లాంటివాటిని దుప్పటిలో పెట్టొద్దని గట్టిగా చెబుతాను. జరీ పక్కనున్న మెత్తటి నూలును ఒరుస్తుంది, ఉతికితే నల్లబడుతుంది. పాత పట్టు మడత పడినచోటే చీలిపోతుంది, సూది పడితే ఆ చీలిక పాకుతుంది. ఇలాంటివాటికి పటం నయం. కొంగులో ఒక మూరెడు భాగాన్ని కోయకుండా మడిచే పెట్టవచ్చు. అద్దం బట్టకు తగలకుండా మధ్యలో ఎడం ఉంచమని ఫ్రేములవాళ్ళకు చెప్పాలి, లేకపోతే వానాకాలపు చెమ్మ అద్దానికీ బట్టకూ మధ్య పట్టి మచ్చలు పడతాయి. ఎండ పడే గోడకు తగిలిస్తే కొన్నేళ్ళకే రంగు వెలుస్తుంది. పటంలో ఉన్న చీరను తాకలేం, అదే దీనితో వచ్చే పెద్ద నష్టం.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు నలుగురుంటే లెక్క ఇంకోలా ఉంటుంది. ఒక్క పెద్ద దుప్పటి కుట్టిస్తే అది ఎవరింట్లో ఉండాలన్న మాట వస్తుంది, మనసులు నొచ్చుకుంటాయి. అలాంటప్పుడు తలా ఒక చీరతో తలా ఒక మూడు పొరల బొంత చేసుకోవడం మంచిది. పరదేశంలో ఉన్నవాళ్ళకూ అదే వీలు. ఒక్క నూలు చీర బొంత బరువు కిలోకు బాగా తక్కువే ఉంటుంది కాబట్టి సూట్‌కేసులో ఒక మూల పడుతుంది. అక్కడ టీషర్టులతో దుప్పటి కుట్టిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ వాళ్ళకు చీరలు పంపేటప్పుడు పలచటి నేత బట్ట అనీ, ఎక్కువ వేడి ఇస్త్రీ పెట్టొద్దనీ, కొంగు భాగం ఏదో గుర్తుపెట్టీ పంపాలి. లేకపోతే దాన్ని వాళ్ళు మామూలు బట్ట తానులాగే చూస్తారు.

వాసన మాటకొస్తే, మూడింటిలో ఏదీ దాన్ని నిలపలేదు. ఉతకందే కుట్టకూడదు, ఉతికితే అమ్మ వాసన పోతుంది. చాలామంది చివరిదాకా వాయిదా వేసేది అందుకే, వాళ్ళను తొందరపెట్టకూడదు. ఆవిడ చేతిరుమాలో, చిన్న తువ్వాలో ఒకటి ఉతక్కుండా మూత గట్టిగా పట్టే గాజుసీసాలో వేసి విడిగా ఉంచుకోండి. చెమట పట్టిన పెద్దబట్ట అయితే పసుపు పచ్చబడుతుంది, పురుగు కూడా వస్తుంది. మిగతావి నిశ్చింతగా ఉతకవచ్చు.

రోజూ కట్టిన నూలు చీరలున్న ఇంటికి బొంత. చొక్కాలు, యూనిఫాంలు, చిన్నపిల్లల బట్టలు ఉన్న ఇంటికి ముక్కల దుప్పటి. పట్టు, జరీలకు పటం. కత్తెర పెట్టాలా వద్దా అని రెండు మనసులుగా ఉంటే అప్పుడూ బొంతే, ఎందుకంటే కుట్టు విప్పితే చీర మళ్ళీ చీరగా చేతికొస్తుంది. ఏది కుట్టినా వెనకవైపు ఒక మూల తెల్లగుడ్డ ముక్క మీద ఆవిడ పేరు, ఊరు, కుట్టిన సంవత్సరం దారంతో కుట్టించండి. సిరాతో రాస్తే ఉతుకులకు పోతుంది. కోసినప్పుడు మిగిలిన ముక్కలను, విప్పిన గుండీలను ఒక సంచిలో వేసి ఆ దుప్పటితోనే ఉంచండి. వాడుతున్నది కనక ఏదో ఒకరోజు చిరుగుతుంది, మాసిక వేయడానికి ఆ బట్టే కావాలి.