డెండ్రోబియం లిండ్లేయి: చెక్కకు కట్టాలా, కుండీలో పెట్టాలా?

చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్లన్నిటికీ ఒకే జవాబు చెల్లదు కాబట్టి ఒక్క మొక్కనే పట్టుకుందాం: డెండ్రోబియం లిండ్లేయి. డెండ్రోబియం అగ్రిగేటమ్ అన్న పాత పేరుతో కూడా అమ్ముతుంటారు, రెండూ ఒకటే. ఈశాన్య భారతం నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం మీదుగా దక్షిణ చైనా దాకా అడవుల్లో దొరుకుతుంది. పొట్టిగా, పలకలు తేలిన బల్బులు (నీళ్లు దాచుకునే ఉబ్బిన కాండాలు) ఒకదాన్నొకటి ఆనుకుని గుంపుగా పెరుగుతాయి. ఒక్కో బల్బుకు ఒక్కటే దళసరి ఆకు. చలికాలం వెళ్లాక బంగారు రంగు పూలు గెలలుగా కిందికి వేలాడతాయి, దగ్గరికెళితే తేనె వాసన. పూలు ఎక్కువ రోజులు నిలవవు, అయినా పెంచేవాళ్లు ఏడాదంతా వాటికోసమే ఎదురుచూస్తారు.

ఇది బదనికలాగా చెట్టు రసం పీల్చి బతికేది కాదు. కొమ్మ దీనికి ఆసరా మాత్రమే. నీళ్లూ పోషకాలూ వానలోంచి, బెరడు మీద పేరుకున్న చెత్తలోంచి తీసుకుంటుంది. వేళ్ల చుట్టూ చనిపోయిన కణాలతో తయారైన ఒక తెల్లటి తొడుగు ఉంటుంది, దాన్ని వెలమెన్ అంటారు. ఎండిన వేరు మీద నీళ్లు చిమ్మి చూడండి: వెండిలా తెల్లగా ఉన్నది చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. తొడుగు స్పాంజిలా నీటిని పట్టుకుని పారదర్శకం కావడంతో లోపలి పచ్చదనం బయటపడుతుంది. అంత వేగంగా తాగిన వేరు మళ్లీ అంతే వేగంగా ఆరాలి. ఆరకపోతే కుళ్లిపోతుంది. చెక్కా కుండీయా అన్న తగువంతా ఈ ఆరడం దగ్గరే తేలుతుంది.

చెక్క మీద ఆ బెంగ దాదాపు లేదు. ఎంత పోసినా నీళ్లు జారిపోతాయి, చుట్టూ గాలి ఆడుతుంది. వేళ్లు బెరడుకు పట్టేశాక ఏళ్ల తరబడి మొక్కను కదపక్కర్లేదు. కదిపితే అలిగి ఒక సీజన్ పూలు ఎగ్గొట్టే మొక్క కాబట్టి ఇది చిన్న లాభమేమీ కాదు. గెలలు కూడా దేనికీ తగలకుండా హాయిగా వేలాడతాయి. అయితే మీ చేతికి పని పెరుగుతుంది. ఎండలు ముదిరాక రోజూ తడపాలి, గాలి బాగా పొడిగా ఉంటే రెండు పూటలా. ఎరువు కూడా నీళ్లతోపాటే జారిపోతుంది కాబట్టి బాగా పలుచన చేసి తరచుగా ఇవ్వాలి. నాలుగు రోజులు ఊరెళ్తే పక్కింటివాళ్లకు అప్పజెప్పాల్సిందే.

చెక్క ఎంపికలో తొందర పడొద్దు. కార్క్ బెరడు బాగుంటుంది, త్వరగా పుచ్చిపోని గరుకైన ఏ చెక్కయినా పర్లేదు. మెత్తటి కలప అయితే మొక్క కుదురుకునే వేళకు పొడిపొడిగా రాలిపోతుంది. చెద పట్టకుండా రాగి మందు ఎక్కించిన కలప అస్సలు వద్దు, రాగి ఆర్కిడ్ వేళ్లకు విషం.

కుండీకి ఉన్న బలం, మీరు ఒకటి రెండు రోజులు మర్చిపోయినా మొక్క ఓర్చుకోవడం. ల్యాబ్‌లో గాజు ఫ్లాస్కులో మొలిపించి అప్పుడే బయటికి తీసిన చిన్న మొక్కలకు నా ఓటు కుండీకే, చెక్క మీద అంత త్వరగా ఆరిపోవడాన్ని అవి తట్టుకోలేవు. మట్టి కుండీ కావాలి, లోతు తక్కువగా, మొక్కకు ఇరుకనిపించేంత చిన్నది. అందులో పెద్ద బెరడు ముక్కలు, బొగ్గు వేస్తే చాలు. ప్లాస్టిక్ కుండీ నిండా తడి పట్టి ఉంచే నాచు (స్ఫాగ్నమ్ మాస్) కూరి పెట్టడం మాత్రం ఈ మొక్కకు చేసే అన్యాయం. కుండీలోనూ తలనొప్పులున్నాయి. బెరడు రెండు మూడేళ్లకు చివికి మెత్తబడుతుంది, అప్పుడు మార్చక తప్పదు. నీళ్లలోని ఉప్పు కుండీ అంచున తెల్లగా పేరుకుని, తగిలిన వేరు కొసను మాడ్చేస్తుంది. అప్పుడప్పుడు ఉప్పు తక్కువున్న నీళ్లు ధారగా పోసి కడిగేయాలి.

అసలు పరీక్ష చలికాలంలో వస్తుంది. ఈ మొక్క పుట్టిన చోట వానలు వెళ్లిపోయాక కొన్ని నెలలు పొడిగా, చల్లగా, వెలుతురుగా ఉంటుంది. పూలు రావాలంటే మనమూ అదే చేయాలి: ఎరువు ఆపేయాలి, నీళ్లు బాగా తగ్గించి ఎప్పుడో ఒకసారి పొద్దున్నే తేలిగ్గా చల్లాలి. బల్బులు కాస్త ముడతలు పడతాయి, టెన్షన్ పడి నీళ్లు కుమ్మరించకండి. గెలలు కనిపించాకే మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. చలికాలమంతా మామూలుగా నీళ్లు పోస్తే ఆకులు నిగనిగలాడతాయి, పూలు మాత్రం రావు. చెక్క మీద ఈ విశ్రాంతి ఇవ్వడం చాలా తేలిక. కుండీలో పైన ఎండినట్టు కనిపించినా నడిమధ్యలో తడి దాగి ఉంటుంది, మోసపోయేది అక్కడే.

చెక్క పట్టీల బుట్ట ఈ రెండింటికీ మధ్యే మార్గం. మొక్క పెద్ద గుంపయ్యాక ఆలోచించొచ్చు, అంతకుముందు అవసరం లేదు.

రోజూ మొక్కల దగ్గరికి వెళ్లే అలవాటుంటే చెక్కే మేలు, నాకందులో సందేహం లేదు. తరచూ ఊళ్లు తిరిగేవాళ్లయితే మట్టి కుండీతో సరిపెట్టుకోండి. ఒక జాగ్రత్త: ఇదే పేరుతో డెండ్రోబియం జెంకిన్సియై కూడా చేతికి రావచ్చు. అది ఇంకా చిన్నది, గెలకు ఒకటి నుంచి మూడు పూలే. దానికైతే కుండీ ఊసే వద్దు.

కుండీ నుంచి చెక్కకు మార్చాలనుకుంటే పూలు అయిపోయి, కొత్త వేళ్ల పచ్చటి కొసలు కనిపించే దాకా ఆగండి. వేళ్ల కింద పలుచగా నాచు పరిచి, మొక్క అటూ ఇటూ ఊగకుండా నైలాన్ దారంతో బిగించండి. కొత్త చిగురు మొదలు మీద మాత్రం నాచు కప్పొద్దు. వేళ్లు చెక్కను పట్టేశాక దారం తీసేయొచ్చు. మట్టి కుండీకి అంటుకుపోయిన వేళ్లను పీకడం కన్నా కుండీనే పగలగొట్టి, అంటుకున్న పెంకులతో సహా కట్టేయడం మంచిది.