గేరు ఆలస్యంగా మారితే: మాడ్యులేటరా, గవర్నరా?

రీబిల్డ్ చేసిన టర్బో హైడ్రామాటిక్ 350 (జనరల్ మోటార్స్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్) పై గేరుకు మారకుండా మొండికేస్తే, క్లచ్ ప్యాకులను అనుమానించి గేర్‌బాక్స్ దించేయకండి. ముందు వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ మీద ఎంత భారం ఉందో వాక్యూమ్ ద్వారా గేర్‌బాక్స్‌కు తెలిపేది), గవర్నర్ (బండి వేగాన్ని తెలిపేది) చూడాలి. రెండూ బయటి నుంచే విప్పుకోవచ్చు.

గేరు మారుతోంది కానీ ఆలస్యంగా, గట్టి కుదుపుతో మారుతోందా? అయితే వాక్యూమ్ మాడ్యులేటర్ వైపు చూడండి. దాని రబ్బరు గొట్టం పీకి గేజ్ పెట్టండి. ఐడిల్‌లో మంచి ఇంజిన్ 15 నుంచి 20 అంగుళాల (పాదరసం కొలత) వాక్యూమ్ చూపాలి. తక్కువగా ఉంటే గొట్టం పగిలి ఉండొచ్చు, లేదా ఇంజిన్‌లోనే లోపం ఉండొచ్చు. గొట్టంలో గేర్‌బాక్స్ ఆయిల్ కనిపిస్తే మాడ్యులేటర్ లోపలి పలుచని పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే. ఇంజిన్ ఆ ఆయిల్‌ను పీల్చుకుని తెల్ల పొగ కక్కుతుంది. మాడ్యులేటర్ తీసినప్పుడు దాని వెనక ఉండే చిన్న వాల్వ్ నున్నగా కదులుతోందో లేదో తప్పకుండా చూడండి. రీబిల్డ్‌లో తరచూ అశ్రద్ధకు గురయ్యేది అదే.

యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కినా మొదటి గేరు వదలడమే లేదంటే అనుమానం గవర్నర్ మీదకు మళ్లుతుంది. అది డ్రైవర్ వైపు (అమెరికన్ కార్లలో ఎడమ వైపు) మూత కింద ఉంటుంది. కింద ట్రే పెట్టి తీయండి. నైలాన్ గేరు పళ్లు అరిగాయా, రీబిల్డ్‌లో మిగిలిన చెత్త చేరి వాల్వ్ బిగుసుకుందా చూడాలి. గవర్నర్ కూర్చునే రంధ్రం అరిగితే మాత్రం కొత్త గవర్నర్ వేసినా ప్రెషర్ కారిపోతూనే ఉంటుంది.

ముందు మాడ్యులేటర్ చూడటమే నయం, గొట్టం పీకితే చాలు. డిటెంట్ కేబుల్ (యాక్సిలరేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే తీగ) మరీ బిగుతుగా ఉన్నా గేరు ఆలస్యంగానే మారుతుంది, దాన్నీ సరిచూసుకోండి.