ఫ్లోరెన్సా, పీసానా? ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

ఇటలీలోని టస్కనీలో ఒక్క రోజే గడపగలిగితే ఈ రెంటిలో దేనికి వెళ్లాలి? రెండు ఊళ్లకీ మధ్య రైల్లో గంట ప్రయాణం. రెండు చోట్లా పెద్ద కెథెడ్రల్ (ఊరి ప్రధాన చర్చి), దాని ఎదురుగా విడిగా బాప్తిస్మ మందిరం, దగ్గర్లోనే గంటల గోపురం. బాప్తిస్మం కోసం వేరే మందిరం కట్టడం పాత ఆచారం. ముందు అక్కడ బాప్తిస్మం, ఆ తర్వాతే చర్చి గడప.

కట్టడంలో సాహసం చూడాలంటే ఫ్లోరెన్స్‌కి సాటి లేదు. 1296లో ఆర్నాల్ఫో ది కాంబియో అనే వాస్తుశిల్పి అక్కడి కెథెడ్రల్ పని మొదలుపెట్టాడు. గోడలైతే లేచాయి గానీ, సుమారు 45 మీటర్ల వెడల్పున్న నడిమి ఖాళీని మూసే దారి చాలా కాలం ఎవరికీ తోచలేదు. 1420లో బ్రునెలెస్కీ అనే వాస్తుశిల్పి ఆ పనికి దిగాడు, అదీ కింద నుంచి సెంట్రింగ్ కొట్టకుండానే. గుమ్మటాన్ని రెండు పొరలుగా లేపాడు. ఇటుకల్ని చేపముల్లు వరసలో పేర్పించాడు కాబట్టి సున్నం ఆరేలోపు ఏ వరసా జారిపోలేదు. 1436కి గుమ్మటం నిలబడింది. 463 మెట్లెక్కే దారి ఆ రెండు పొరల సందులోంచే పోతుంది. ఒంగిన గోడ, ఆ ఇటుకలు చేతికి తగిలేంత దగ్గర. మోకాళ్లు సహకరిస్తే వదలొద్దు.

మిగతా సంగతికొస్తే అక్కడ కాస్త వెలితి ఉంది. ముందున్న రంగుల పాలరాతి ముఖభాగం 1887లో పూర్తయింది, మధ్యయుగం నాటిది కాదు. బాప్తిస్మ మందిరానికి శిల్పి గిబెర్తీ 1425 నుంచి 1452 దాకా చేసిన బంగారు తలుపులు అద్భుతమే, అయితే ఇప్పుడు గుమ్మానికి ఉన్నవి నకళ్లు. అసలువి కెథెడ్రల్ వెనక మ్యూజియంలో ఉన్నాయి, టికెట్ కొనేటప్పుడు అదీ చేర్చుకోండి.

పీసాకి ఎక్కువమంది వెళ్లేది ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటో దిగడానికే. దిగి తిరుగు రైలెక్కేస్తారు. నా బాధంతా అదే! ఆ గోపురం పీసా కెథెడ్రల్‌కి గంటల గోపురం మాత్రమే, 1173లో మొదలైంది. కెథెడ్రల్ దానికంటే వందేళ్లు పెద్దది. సిసిలీ దీవిలోని పలెర్మో మీద దాడిలో పీసా నావికులు తెచ్చిన సొత్తుతో బుస్కెతో అనే వాస్తుశిల్పి 1064లో పని మొదలుపెట్టాడు. ఆయన సమాధి ఇప్పటికీ ముఖభాగంలో ఎడమ చివరి తోరణం కింద ఉంది.

బాప్తిస్మ మందిరాన్ని దియోతిసాల్వి అనే వాస్తుశిల్పి 1152లో మొదలుపెడితే, ముగిసింది 1363లో. రెండు వందల ఏళ్ల తేడా గోడ మీదే కనిపిస్తుంది: కింద గుండ్రటి తోరణాలు, పైన మొనదేలిన గోథిక్ నగిషీ. గెలీలియోకి 1564లో బాప్తిస్మం జరిగింది ఇక్కడే. లోపల శిల్పి నికోలా పిసానో 1260లో చెక్కిన ప్రసంగ వేదిక దగ్గర ఆగండి. రాతి సింహాల వీపుల మీద స్తంభాలు లేచి ఉంటాయి. ఒక మూల నగ్నంగా, కండలు తిరిగిన మనిషి. చూడగానే గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులిసే అనిపిస్తాడు. పీసాలోనే ఉన్న పాత రోమన్ శవపేటికల శిల్పాల్ని చూసి నికోలా నేర్చుకున్న పని అది. గిబెర్తీ తలుపులకి సుమారు నూట అరవై ఏళ్ల ముందే!

అందుకే నా మాట: గుమ్మటం ఒక్కటీ చాలనుకుంటే ఫ్లోరెన్స్; కెథెడ్రల్, బాప్తిస్మ మందిరం జంటగా కావాలంటే పీసా. పచ్చిక మీద అన్నీ ఎడంగా, ఒకే తెల్లరాతి కుటుంబంలా నిలబడి ఉంటాయి. ఫ్లోరెన్స్‌లో ఇళ్లు మీదికొచ్చి అంత చూపు ఆననివ్వవు.

పీసా బాప్తిస్మ మందిరంలో తొందరపడి బయటికి రాకండి. అక్కడి ఉద్యోగి ఒకరు మధ్యమధ్య తలుపులు మూసి, నడుమ నిలబడి ఒక స్వరం పాడతారు. అది ఆగకముందే ఇంకొకటి, దాని మీద మరొకటి. పైకప్పు కింద స్వరాలన్నీ కలిసి నిలుస్తాయి. పాడేది ఒక్కరే, వినపడేది బృందం.