కనిపించని కష్టానికి పాతిక ప్రశ్నలు: ఒక ప్రశ్నావళిపై సమీక్ష

అల్లరి చేసే పిల్లవాడి ఇబ్బంది ఎలాగూ ఉపాధ్యాయుడి కంట పడుతుంది. చెప్పిన పని చేసి, అడిగితేనే బదులిచ్చి, హాజరు పిలిచేటప్పుడు తప్ప గుర్తుకు రాని పిల్లవాడి ఇబ్బందే ఎవరికీ తెలియదు. అటువంటి పిల్లలను గుర్తించడానికి బడులు వాడుకోదగిన సాధనం, బ్రిటన్‌కు చెందిన బాలల మనోవైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో వెలువరించిన ‘స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్’ (బలాలు, ఇబ్బందులు) ప్రశ్నావళి.

ఇందులో ఉన్నవి 25 అంశాలే. దిగులు, ప్రవర్తన, ఏకాగ్రత లోపం, తోటివారితో చిక్కులు, పరుల పట్ల మంచితనం అనే 5 విభాగాలకు తలా 5 అంశాలు. ఒక్కొక్కదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేసి, మంచితనాన్ని పక్కన పెట్టి మిగిలినవి కూడితే 40కి ఇంతని తేలుతుంది. నింపడానికి కొద్ది నిమిషాలు చాలు.

అయితే ఆ మొత్తం మార్కుల కన్నా నాకు విలువైనదిగా తోచింది వేరే ఉంది. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు వేర్వేరు ప్రతులతోపాటు, 11 ఏళ్లు నిండిన పిల్లలు స్వయంగా నింపే ప్రతి కూడా ఇందులో ఉంది. ఉపాధ్యాయుడు ఏ దిగులూ లేదని రాసిన చోట తల్లి తరచూ కడుపునొప్పి అంటాడని రాసి, పిల్లవాడు తనకు చాలా భయాలున్నాయని గుర్తు పెడితే, ఆ మూడు కాగితాల మధ్య తేడాయే మనం వెతుకుతున్న జాడ. ఉపాధ్యాయుడి ప్రతి ఒక్కటే నింపించి తేల్చేసే బడికి దీనివల్ల సగం ప్రయోజనం కూడా దక్కదు.

లోపం లేకపోలేదు. పెద్దల మాట వింటాడా అన్న అంశానికి ‘అవును’ అంటే సమస్యల మార్కు తగ్గుతుంది. భయంతో వినేవాడికీ ఇష్టంతో వినేవాడికీ అక్కడ తేడా లేదు. (బడిలో పిల్లల నడవడికి మనం మార్కులు వేసే తీరు కూడా అదే అనుకోండి.) పిల్లవాడు ఆకలితో వస్తున్నాడా, ఇంట్లో జబ్బుపడ్డవారిని చూసుకుంటున్నాడా, పెద్దల చేతిలో దెబ్బలు తింటున్నాడా అన్నవి ఈ 25 అంశాల్లో లేవు. కనుక తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన క్షేమమని అనుకోరాదు, ఎక్కువ వస్తే జబ్బని ముద్ర వేయనూరాదు.

ఈ ఇబ్బంది వల్ల పిల్లవాడు ఎంత బాధపడుతున్నాడు, చదువుకు, స్నేహాలకు ఎంత అడ్డు అని అడిగే అనుబంధ పత్రాన్ని విడిచిపెట్టకుండా నింపించాలి. నింపిన తరువాత పిల్లవాడితో తీరిగ్గా కూర్చుని మాట్లాడగల మనిషి లేని బడికి మాత్రం నేను ఈ ప్రశ్నావళిని సిఫారసు చేయను.